చదరంగపు గళ్ళలో ఒక పెద్ద సంఖ్య

మా ఉర్దూ మీడియం తరగతిలో ఏటేటా వినబడే మాట ఒకటి ఉన్నది: "హిసాబ్ మన వల్ల కాదు, సాబ్." పిల్లలే కాదు, తల్లిదండ్రులూ అదే అంటారు. ఆ మాట మీదనే బిడ్డను బడి మాన్పించి దుకాణంలో కూర్చోబెడతారు. ఈ మాట ఎంత తప్పో చూపుటకు ఒకే ఒక సంఖ్య చరిత్రను సభ్యుల ముందు ఉంచుతున్నాము.

కథ చాలామందికి తెలిసినదే. చదరంగం కనిపెట్టిన పండితుడు రాజును గింజలు బహుమానంగా అడిగినాడట. మొదటి గడిలో 1, రెండవ దానిలో 2, మూడవ దానిలో 4, ఇట్లా 64 గళ్ళకూ రెట్టింపు చేస్తూ పోవాలి. మేము తరగతిలో జొన్నలతో మొదలుపెట్టించాము. పది గళ్ళకు మొత్తం 1023 గింజలు. పిల్లలు "ఇంతేనా?" అని నవ్వారు. ఆపైన బోర్డు మీద లెక్క కట్టగా ఇరవై గళ్ళకు 10,48,575 అయినవి. నవ్వు ఆగింది. 64 గళ్ళ మొత్తం 18446744073709551615. గ్రాముకు 40 గింజలు, బస్తాకు క్వింటాలు చొప్పున సుమారు 4 లక్షల 60 వేల కోట్ల బస్తాలు! మన జహీరాబాద్ మార్కెట్ సంగతి అటుంచండి, లోకమంతా నూరేండ్లు పండించినా తీరదు.

ఈ సంఖ్యను క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ తన అరబీ గ్రంథం 'అల్ ఆసారుల్ బాఖియా'లో లెక్కగట్టినారు. 973లో ఖ్వారిజ్మ్‌లో పుట్టిన ఈ విద్వాంసుడు తర్వాత సంస్కృతం నేర్చి, 1030 ప్రాంతంలో మన దేశం గురించి 'కితాబుల్ హింద్' వ్రాసినారు. 64 సార్లు కూడనక్కర లేదు, వర్గాలు చేస్తే చాలు: 2, 4, 16, 256, 65536, 4294967296. దీనిని మరొక్కసారి వర్గం చేసి 1 తీసివేస్తే జవాబు వచ్చును.

11వ శతాబ్దపు తెలుగు కవి పావులూరి మల్లన ఇదే సంఖ్యను ఒక పద్యంలో చెప్పినారు. మహావీరాచార్యుని 'గణితసార సంగ్రహము'ను తెలుగు చేసినది ఈయనే. ఆ ఆచార్యుడు 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంవాడు. ఆ రాజు రాజధాని మాన్యఖేటమే నేటి మల్ఖేడ్, మనకు బీదరు అవతలనున్న గుల్బర్గా జిల్లాలోనిది. మల్లన పద్యంలో అంకెలకు బదులు మాటలుంటాయి: ఆకాశం 0, చంద్రుడు 1, వేదాలు 4, బాణాలు 5. ఒకట్ల స్థానం నుండి ఎడమకు వ్రాసుకుంటూ పోవాలి, అచ్చం మన ఉర్దూ రాత మాదిరి! బోర్డు మీద వ్రాసి చూస్తే ఇరవై అంకెలూ బిరూనీ లెక్కతో సరిపోయినవి.

ఈ సంఖ్య చివర 5 ఉన్నది గనుక 5తో పోతుంది. అంకెలు కూడితే 87 గనుక 3తోనూ పోతుంది. 641తో కూడా పోతుంది. ఇది తేలికగా కనబడే సంగతి కాదు. పైన చెప్పిన 4294967296కు 1 కలిపితే వచ్చేది కూడా మన సంఖ్యకు భాజకమే. ఆ 4294967297 ప్రధాన సంఖ్య అని ఫెర్మా నమ్మగా, 641తో నిశ్శేషంగా పోతుందని 1732లో ఆయిలర్ చూపినాడు. అంతటి ఫెర్మా కూడా లెక్కలో పొరపడినాడని విని మా పిల్లలకు కొంత ధైర్యం వచ్చింది.

అరబీలో ఉన్నా తెలుగులో ఉన్నా లెక్క ఒకటే. సభ్యులకు మా మనవి: మార్కులు తక్కువ వచ్చినవని కొడుకునైనా కూతురునైనా బడి మాన్పించకండి. ఇంట్లో గుప్పెడు జొన్నలు తీసి పది గళ్ళ దాకా పెట్టించండి. మిగతాది బడిలో మేము చూసుకుంటాము.