చీరాల ఊరు ఖాళీ చేసిన సంవత్సరం

ఇంటిపన్ను రసీదు చేతికి వచ్చినప్పుడు మనలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: “యీ డబ్బుతో మాకు ఏం చేశారయ్యా?” వీధిలో దీపం వెలగకపోతే అడుగుతాం, కాలువలో మురుగు కదలకపోతే అడుగుతాం. అడగవలసిందే. యీ ప్రశ్న అడిగి, సరైన జవాబు రాక, ఊరికి ఊరే లేచిపోయిన కథ మన తెలుగుదేశంలో జరిగింది. అది చీరాల–పేరాల కథ. గాంధీగారి పేరుతో, జెండాలతో కలిపి చెప్పేటప్పుడు యీ కథకు మూలం మునిసిపాలిటీ పన్ను అన్న సంగతి కాస్త మరుగున పడుతూ వుంటుంది.

ముందు ఆనాటి ఏర్పాటు చూడండి. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన గురించి తీర్మానం చేశాడు. 1884లో మద్రాసు రాజధానిలో లోకల్ బోర్డుల చట్టం వచ్చింది. జిల్లాకు ఒక బోర్డు, దాని కింద తాలూకా బోర్డు, ఆ కింద కొన్ని ఊళ్లకు యూనియను. యూనియనంటే చిన్న సంస్థ. ఇళ్లమీద కొద్దిపాటి పన్ను, దానికి తగినట్టే వీధులు ఊడ్వడం, దీపాలు పెట్టడం వంటి కొద్దిపాటి పని. గుంటూరు జిల్లాలో పక్కపక్కనే వున్న చీరాల, పేరాల గ్రామాలు కలిపి అట్లా ఒక యూనియను. జనం పదిహేను వేల చిల్లర. వారిలో నేతపనివారు ఎక్కువ.

1919లో ప్రభుత్వం యీ యూనియనును మునిసిపాలిటీ చేసింది. పేరు పెద్దదైంది, పన్నూ పెద్దదైంది. అంతకు ముందు ఏడాదికి నాలుగు వేల రూపాయలు వసూలయ్యే చోట నలభై వేలు కావలసి వచ్చింది. పదింతలు! పోనీ, పదింతల సౌకర్యాలు కనబడ్డాయా అంటే లేదు. నేతగాడికి ఇల్లే పనిచోటు. మగ్గం ఇంట్లోనే. ఇంటిమీద వేసిన పన్ను అతని మగ్గంమీద పడ్డట్టే. నూలు ధర పెరిగితే బట్ట ధరలో కొంతైనా కలుపుకోవచ్చు. యీ పన్ను దేనిలో కలుపుకోవాలి?

జనం అర్జీలు పెట్టుకున్నారు, మాకు మునిసిపాలిటీ వద్దు, యూనియనే చాలునన్నారు. ఫలితం లేకపోయింది. ఎన్నికైన సభ్యులు రాజీనామా ఇచ్చారు. ప్రభుత్వం జీతగాడైన ఛైర్మన్‌ను వేసి పని నడపబోయింది. పేరుకు స్వపరిపాలన, నడిపేది జీతగాడు! మరో చిత్రం, 1920 డిసెంబరు నుంచి స్థానిక స్వపరిపాలన శాఖ మన మంత్రుల చేతికే వచ్చింది. పానగల్లు రాజా రామరాయణింగారు ఆ శాఖ మంత్రి. అయినా చీరాల మాట నెగ్గలేదు.

యీ పోరాటానికి ముందు నిలిచినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చి, రామదండు అనే సేవకుల దళాన్ని తయారుచేశారు. పన్ను కట్టమన్నందుకు పన్నెండుగురికి జైలుశిక్ష పడింది. వారిలో రావూరి అలమేలమ్మగారు ఒక స్త్రీ. ఆ రోజుల్లో ఒక ఇల్లాలు పన్ను విషయమై చెరసాలకు వెళ్లడమంటే ఊరు ఎట్లా అట్టుడికిపోయిందో ఊహించుకోండి.

1921 మార్చి ఆఖరున బెజవాడలో కాంగ్రెసు సంఘం సమావేశమైంది. అది ముగిశాక, ఏప్రిల్ 6న గాంధీగారు చీరాల వచ్చారు. ఆయన చూపిన దారులు రెండు: శాంతంగా పన్ను నిరాకరించి వచ్చిన కష్టం పడడం, లేదా మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం. హద్దులో ఇల్లు లేకపోతే పన్ను లేదుగదా! జనం రెండోదారి పట్టారు. 15,326 మందిలో 13,572 మంది కదిలారని లెక్క.

ఊరిబయట పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగరమని పేరు. వినడానికి బాగానే వుంటుంది గాని, గుంటమగ్గం భుజాన వేసుకుపోయే వస్తువు కాదు; మళ్లీ గుంట తవ్వుకోవాలి. పైన ఎండ, తరువాత వాన. అట్లాగే పదకొండు నెలలు గడిపారు. కులాలవారీగా ప్రతినిధులను ఎన్నుకుని సభ పెట్టుకున్నారు, తగాదాలు తామే తీర్చుకున్నారు. మునిసిపాలిటీ వద్దన్నవారు పరిపాలన వద్దనలేదన్నమాట. గ్రామాల్లో పనిచేసే విస్తరణ ఉద్యోగులు యీ సంగతి గమనించాలని నా మనవి. జనం ముందుకు రావడం లేదని మనం తేలికగా అంటాం. వచ్చినవారిని అడిగి చేశామా అన్నది వేరే మాట.

కథ జయంతో ముగియలేదు. 1921లోనే గోపాలకృష్ణయ్యగారు నిషేధం మీరి బరంపురంలో మాట్లాడినందుకు అరెస్టయ్యారు, ఏడాది శిక్షపడి తిరుచిరాపల్లి జైలుకు వెళ్లారు. నడిపే మనిషి లేడు, చేతిలో డబ్బు లేదు. 1922లో జనం ఒక్కొక్కరే పాత ఇళ్లకు తిరిగివచ్చారు. ఆ సంవత్సరం మొదట్లోనే అదే జిల్లా పెదనందిపాడు ప్రాంతపు రైతులు భూమిశిస్తు నిలిపివేసి, గాంధీగారు ఉద్యమం ఆపమన్నాక కట్టేశారు.

గోపాలకృష్ణయ్యగారు 1928 జూన్‌లో, నలభై ఏళ్లయినా నిండకుండా పోయారు. చీరాల తరువాత 1970లో ప్రకాశం జిల్లాలోకీ, 2022లో బాపట్ల జిల్లాలోకీ వెళ్లింది. మునిసిపాలిటీ మాత్రం పోలేదు.