అని భోగట్టా

ఆ తాటాకు ఇటు వెయ్యి నాయనా, మంట ఆరిపోతోంది. ఇందాక నీ నోట 'భోగట్టా' అన్న మాట విని ప్రాణం లేచొచ్చింది. ఈ రోజుల్లో ఆ మాట అనేవాళ్లేరీ?

మా చిన్నప్పుడు అది ఇంటి మాట. పిల్లకి సంబంధం వస్తే ముందు 'భోగట్టా చెయ్యండి' అనేవాళ్లు. ఓ మనిషి ఆ ఊరు వెళ్లి, పొలం ఎంత, అప్పులున్నాయా, అత్తగారి నోరు ఎలాంటిది అని నలుగుర్నీ కదిలించి రావాలన్నమాట. ఆ మాటే పేపర్లోకీ ఎక్కింది. విలేఖరి వాకబు చేశాడు, సంగతి తెలిసింది, సర్కారు మాత్రం ఇంకా నోరు విప్పలేదు. అలాంటప్పుడు వాక్యం చివర 'అని భోగట్టా' అని రాసేవాళ్లు. పుకారు వేరు. అది దానంతటది వస్తుంది. భోగట్టా ఎవరో వెళ్లి తెచ్చేది.

1952లో నాకు పన్నెండేళ్లు. ఆంధ్రపత్రిక మద్రాసులో అచ్చయ్యేది. రైల్లో బెజవాడ వచ్చి, బస్సెక్కి మా ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటేది. ఊరంతటికీ ఒకటే పేపరు. అరుగు మీద తాతయ్య పడక్కుర్చీ, కింద చాపల మీద జనం. చదివేది నేను. మన వాక్యంలో క్రియ చివర్నే కదా వచ్చేది! ఊరూ పేరూ పదవీ అన్నీ అయ్యాక, ఆ ఆఖరి మాట దగ్గరే తేలేది, సంగతి ఖాయమో కాదో. అది పడేదాకా ఎవరూ చుట్ట కూడా వెలిగించేవాళ్లు కారు.

ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములుగారు దీక్షలో ఉన్న 58 రోజులూ ఢిల్లీ గురించి ఎన్ని భోగట్టాలు చదివానో! డిసెంబరు 15 రాత్రి ఆయన పోయారు. ఆ కబురు చివర భోగట్టా లేదు. నా గొంతు పెగల్లేదు. పేపరు తాతయ్య తీసుకున్నాడు.

ఆ తర్వాత కొత్త రాష్ట్రానికి రాజధాని గొడవ. బెజవాడ అని కొందరు, గుంటూరు అని కొందరు. 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందం ప్రకారం రాజధానో హైకోర్టో కోరుకునే హక్కు తమదని సీమవాళ్లు. ఓ రోజు బెజవాడకే మొగ్గు ఉందని పేపర్లో చూశాను. సంబరంలో చివరి రెండు మాటలూ మింగేసి, బెజవాడే అన్నట్టు చదివేశాను. అరుగంతా కేకలు. మా పెదనాన్న ఆ పూటే బండి కట్టించుకుని బెజవాడలో స్థలం బేరానికి వెళ్లాడు. బయానా ఇచ్చొచ్చాడు కూడా.

సాయంత్రం తాతయ్య కళ్లజోడు పెట్టుకుని పేపరు తిరగేశాడు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నా చూపుడువేలు పట్టుకుని ఆ రెండు మాటల మీద పెట్టి, 'ఇది ఎవరిదిరా? రాసినవాడిది. తీసెయ్యడానికి నువ్వెవరివి?' అన్నాడు. మర్నాడు అందరి ముందూ మళ్లీ చదివించాడు. ఆ బయానా తిరిగి రాలేదు.

చివరికి మద్రాసులో శాసనసభ్యులు కూర్చుని తేల్చారు. ఆ పేపరు వచ్చిన రోజు ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాను. కర్నూలు.

'చివర్న ఏముందిరా?' అన్నాడు తాతయ్య.

'ఏమీ లేదు తాతయ్యా.'

'మళ్లీ చూడు.'

చూశాను. లేదన్నాను. అప్పుడు కుర్చీలోంచి లేచి, 'ఇక ఇళ్లకి వెళ్లండయ్యా' అన్నాడు.