గింజ లెక్క: కొండపల్లి మెట్ట నుంచి కృష్ణా మాగాణి దాకా విత్తన మోతాదు

ఎకరాలు, సెంట్లు రాకముందు కృష్ణా తీరంలో నేలను విత్తనంతోనే కొలిచేవారు. పుట్టెడు గింజలు పట్టే చేను పుట్టెడు భూమి, తూమెడు పట్టేది తూమెడు భూమి. ఈ లెక్క చాలా పాతది. పొలంలో చల్లే గింజల కొలతను బట్టి ఆ పొలానికి పేరు పెట్టే పద్ధతికి పాణిని అష్టాధ్యాయిలో ఒక సూత్రమే ఉంది. గుప్తుల కాలపు బెంగాల్ రాగిరేకుల్లో కుల్యవాపం, ద్రోణవాపం భూమి కొలతలు. వేంగి నుంచి ఏలిన తూర్పు చాళుక్యుల దానశాసనాలు కూడా ఇన్ని ఖండికల విత్తనం పట్టే క్షేత్రమని హద్దులు చెబుతాయి. కొన్నిటిలో ఆ విత్తనం కోద్రవం, అంటే అరికలు. కాలువలు లేని ఆ రోజుల్లో ఇక్కడి చేలల్లో చిరుధాన్యాలకు ఎంత చోటుండేదో ఆ ఒక్క మాటతో తెలుస్తుంది.

నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. గింజకూ నేలకూ ఇదే కొలమానం. దీన్ని మోటు లెక్క అని కొట్టిపారేయలేం. చవిటి నేలలో పలచగా చల్లితే సగం మొలవదు, రేగడిలో చిక్కగా చల్లితే మొక్కలు ఒకదాన్నొకటి అణగదొక్కుకుంటాయి. కాబట్టి తూమెడు భూమి అన్నప్పుడు విస్తీర్ణంతో పాటు నేల సత్తువ కూడా కొంత ఆ మాటలోనే చేరేది. ఇబ్బందల్లా కుంచమే ఊరూరికీ మారడం. పన్ను వేసేవాడికి అది తలనొప్పి, కట్టేవాడికి అప్పుడప్పుడూ వెసులుబాటు.

కొండపల్లి ఈ కథకు సరైన అంచు. తూర్పు కనుమల కొండలు అక్కడ కృష్ణ వైపు దిగుతాయి. ఇరవై కిలోమీటర్ల లోపే విజయవాడ దగ్గర డెల్టా మొదలవుతుంది. ఇటు వాన మీద బతికే మెట్ట, అటు కాలువ కింద మాగాణి. కొండ మీది కోట 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల కాలంలో వెలిసింది. కుతుబ్‌షాహీల చేతికి వచ్చాక ముస్తఫానగర్ అనే పేరుతో ఉత్తర సర్కారుల్లో ఒకదానికి కేంద్రమైంది. 1766లో ఈస్టిండియా కంపెనీకి దక్కింది. శిస్తు నిలకడగా రావాలంటే గొలుసు పట్టుకుని నేల కొలవాలని కంపెనీ, ఆ తరువాత బ్రిటిష్ ప్రభుత్వం అనుకున్నాయి. సర్వేలతో ఎకరం వచ్చింది. దాంతో లెక్క తిరగబడింది: అంతవరకు గింజ చెబితే నేల తెలిసేది, ఇప్పుడు నేల చెబితే గింజ తేల్చుకోవాలి. ఎకరాకు ఎన్ని కుంచాలు అన్న ప్రశ్నకు అప్పటి నుంచే పని పడింది. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం తరువాత కుంచాల చోటికి కిలోలు వచ్చాయి.

మెట్టలో ఆ ప్రశ్నకు జవాబు చేతిలో ఉండేది. జొన్న, సజ్జ విత్తడానికి గొర్రు కట్టేవారు. గొర్రు మీద చెక్కతో చేసిన చిన్న గిన్నె జడ్డిగం. దాని అడుగున రంధ్రాలు, వాటి నుంచి ఒక్కో కర్రు వెనక్కి దిగే వెదురు గొట్టాలు. ఎడ్లు నడుస్తుంటే పక్కన నడిచే మనిషి, చాలాచోట్ల ఆడమనిషి, పిడికిట్లోంచి గింజల్ని జడ్డిగంలోకి జార్చేది. వేళ్ల సందు కాస్త వదులైతే సాలులో మొక్కలు గుంపుగా లేస్తాయి. బిగిస్తే బెత్తెడు బెత్తెడు ఖాళీలు పడతాయి. ఎద్దుల నడకకు చేతిని కుదర్చడమే మోతాదు నిర్ణయించడం. అందుకే విత్తే పనికి అలవాటైన చెయ్యినే పిలిచేవారు. నేటి సిఫారసు జొన్నకు ఎకరాకు నాలుగు కిలోలు. వెయ్యి గింజలు ముప్ఫై గ్రాములనుకుంటే అందులో లక్షా ముప్ఫై వేల గింజలుంటాయి. ఎకరాలో నిలవాల్సినవి డెబ్భై వేల పైచిలుకు మొక్కలు. మిగిలినవన్నీ పిట్టకు, పురుగుకు, వాన ఎగ్గొట్టినందుకు పోయేవి. వాటిని దాటి ఎక్కువ మొలిస్తే పలచన చేసి ఆ మొక్కల్ని పశువులకు వేస్తారు.

నువ్వుల వంటి సన్న గింజకు ఇబ్బంది వేరు. ఎకరాకు రెండున్నర కిలోలే కావాలి. అంత తక్కువను ఎంత నేర్పరి చెయ్యైనా సమంగా వెదజల్లలేదు. అందుకని మూడింతలు ఇసుక కలుపుతారు. ఇసుక వల్ల పిడికిలి నిండుతుంది కానీ గింజ పెరగదు.

1832-33 నాటి కరువు గుంటూరు సీమను నేలమట్టం చేసింది. జనం దాన్ని డొక్కల కరువన్నారు. ఆ తరువాత రెండు దశాబ్దాలకు, ఆర్థర్ కాటన్ ఆలోచనల బాటలో, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో విజయవాడ వద్ద ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. మెట్ట పైర్ల చోట వరి పరుచుకుంది. నారు పోసి ఊడ్చే పద్ధతి ఊరూరా కుదురుకుంది. నారుమడిలో గింజ మోతాదు వేరే రకం తెలివి. ఎకరా ఊడ్పుకు ఐదు సెంట్ల నారుమడి, పాతిక కిలోల వడ్లు. వడ్లను ఒక రోజు నానబెట్టి, మరో రోజు మండె కట్టి, మొలక తెల్లగా పొడుచుకు రాగానే దమ్ము చేసిన మడిలో చల్లుతారు. ఊడ్చేటప్పుడు చదరపు మీటరుకు ముప్ఫై మూడు కుదుళ్లు, కుదురుకు మూడు మొక్కలు అనుకున్నా ఎకరాకు నాలుగు లక్షల మొక్కలు చాలు. వెయ్యి గింజలు ఇరవై గ్రాములుంటే అది ఎనిమిది కిలోల వడ్లే. మిగతా పదిహేడు కిలోలు మొలక తగ్గినా, నారు కుళ్లినా, కాలువ ఆలస్యమై నారు ముదిరినా రైతు కట్టుకున్న బీమా. సాంబ మసూరి, అంటే బాపట్ల నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, వెయ్యి గింజలు పదిహేను గ్రాములైనా తూగదు. అదే పాతిక కిలోల్లో దాని గింజలు ఇంకా ఎక్కువ. బరువుతో చెప్పిన మోతాదు రకం మారగానే తప్పుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అసలు కృష్ణా డెల్టా ప్రపంచానికి చూపించదగ్గ పని వరి చివర్లో జరుగుతుంది. నవంబరు, డిసెంబరుల్లో చేను పండి నిలబడి ఉండగానే, కోతకు రెండు మూడు రోజుల ముందు, మినుముల్ని వరి దుబ్బుల మధ్య చల్లేస్తారు. దున్నడం లేదు, నీరు పెట్టడం లేదు. కాలువ కట్టేశాక బురదలో మిగిలిన తేమ, శీతకాలపు మంచు, అంతే. అడుగు వేస్తే ముద్ర పడాలి, కాలు దిగబడకూడదు. తేమ ఎక్కువైతే గింజ కుళ్లుతుంది, తక్కువైతే ఉబ్బి ఆగిపోతుంది. తరువాత వరి కోసి పనలు అదే చేలో పరుస్తారు. మొలక పనల కింద లేస్తుంది. పనలు ఎత్తడం ఆలస్యమైతే మొక్క పాలిపోయి సాగి పడిపోతుంది.

మెట్టలో దున్ని విత్తే మినుముకు ఎకరాకు ఎనిమిది కిలోలు చాలు. మాగాణిలో వెదజల్లేదానికి పదహారు నుంచి పద్దెనిమిది కిలోలు వేస్తారు. ఇది చూసి డెల్టా రైతు గింజను పారబోస్తాడని అనుకునేవాళ్లున్నారు. లెక్క వేస్తే సంగతి బోధపడుతుంది. పదహారు కిలోలను ఎకరా మీద పరిస్తే చదరపు మీటరుకు సుమారు నాలుగు గ్రాములు. వంద మినుములు నాలుగు గ్రాములు తూగుతాయి. అంటే మీటరుకు వంద గింజలు. మంచి దిగుబడికి కావలసినవి ముప్ఫై నుంచి ముప్ఫై ఐదు మొక్కలు. మూడు గింజలు వేసి ఒక్క మొక్కను ఆశించడమన్న మాట. ఒక గింజ నీటి గుంటలో పడుతుంది, ఒకటి కోతగాళ్ల కాళ్ల కింద నలుగుతుంది లేదా పిట్ట నోట పడుతుంది. మొలిచిన మొక్క కూడా పొట్టిగానే ఉంటుంది, కొమ్మలు చాచి ఖాళీని పూడ్చలేదు. ఖాళీ కనబడ్డాక మళ్లీ చల్లుదామంటే తేమ ఉండదు. మరో అవకాశం లేని చోట మోతాదు రెట్టింపు చేయడం దుబారా కాదు.

గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం ఈ మాగాణి మినుముకు ఎల్‌బీజీ పేరుతో వరసగా రకాలు ఇచ్చింది. ఎల్‌బీజీ 17 బూడిద తెగులును తట్టుకుంది, ఎల్‌బీజీ 752 ఊళ్లలో బాగా నిలిచింది. మంచి రకం వచ్చినా గింజ మోతాదు మాత్రం పెద్దగా తగ్గలేదు. ఎందుకంటే గింజ పోయేది రకం వల్ల కాదు, చేను పరిస్థితి వల్ల. యంత్రంతో కోత వచ్చాక అది ఇంకా దిగజారింది. చక్రాల దారిలో మొలక నలిగిపోతుంది, గడ్డి కుప్పలుగా పడి కప్పేస్తుంది. బంగారుతీగ మరో పీడ. దాని గింజలు మినుముల్లో కలిసి వస్తే ఎంత చిక్కగా చల్లితే అంత చిక్కగా తీగను కూడా చల్లినట్టే. జల్లెడ పట్టడం కంటే చవకైన మందు లేదు.

ఆ వరి చేలలోనే మనుషులకు కాక పశువులకు చల్లే గింజ పిల్లిపెసర. పెసర కంటే బాగా చిన్న గింజ, నేలను పాకే తీగ, వేసవిలో కూడా కొంత పచ్చగా ఉండే గుణం. డెల్టాలో ఎండాకాలపు మేతకు దీన్ని, జనుమును వరి చివర్లో చల్లి ఎడ్లను, గేదెలను సాకారు. మేసింది మేయగా మిగిలింది తొలకరి దుక్కిలో ఎరువైపోతుంది. గింజ సన్నం కాబట్టి పిల్లిపెసర ఎకరాకు ఎనిమిది కిలోల దరిదాపుల్లో సరిపోతుంది, జనుముకు పన్నెండు నుంచి పదిహేను కావాలి. మేతకు, గింజకు మోతాదు ఒకటి కాదు. జొన్నను కంకి కోసం నాలుగు కిలోలు వేసేవాడు మేత కోసం రెండు మూడింతలు వేస్తాడు. చిక్కగా పెరిగితే కాడ సన్నమై పశువు పారేయకుండా తింటుంది. లేత జొన్నను, కోశాక లేచిన పిలకను మాత్రం మేపకూడదు. దాన్ని మేసిన గొడ్డుకు నాము తగిలి ప్రాణం మీదికొస్తుంది. మోతాదు ఎంత సరిగా ఉన్నా పూత రాకముందు తోలితే అదంతా వృథా.

2003 ఖరీఫ్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం రాష్ట్రమంతటా శ్రీ వరి ప్రదర్శనలు పెట్టినప్పుడు ఎకరాకు రెండు కిలోల మాట విని చాలామంది నవ్వారు. మడగాస్కర్‌లో హెన్రీ ద లొలానియే అనే జెసూట్ మతాచార్యుడు 1983లో కుదిర్చిన పద్ధతి అది. పాతిక సెంటీమీటర్ల ఎడంలో ఒక్కో లేత మొక్క. ఎకరాకు అరవై ఐదు వేల కుదుళ్లు, అంటే కిలో ముప్పావు కూడా కాని వడ్లు. లెక్క తప్పు కాదు. కానీ ఆ రెండు కిలోలు చాలాలంటే చదునైన మడి, చేతిలో ఉన్న నీరు, పది రోజుల నారు పట్టుకోగల కూలీలు కావాలి. డెల్టా కాలువ చివరి భూముల్లో మూడూ ఒకేసారి దొరకడం అరుదు. అందుకే శ్రీ వరి పేరు నిలిచినంతగా సాగు నిలవలేదు. దానికి బదులు కూలీల కొరతతో నేరుగా వెదజల్లడం, డ్రమ్ సీడర్‌తో ఎకరాకు పది పన్నెండు కిలోలు వేయడం పెరిగాయి.

ఇటీవల ప్రకృతి సాగు కార్యక్రమంలో తొలకరికి ముందే రకరకాల గింజలు కలిపి చల్లే నవధాన్య పద్ధతి కొండపల్లి వంటి మెట్టలకు తగినట్టు కనబడుతోంది. కలిపి చల్లేటప్పుడు ఒక్కో గింజ పూర్తి మోతాదును కూడితే చేను ఊపిరాడకుండా నిండిపోతుంది. రెండు రకాలైతే ఒక్కోటి సగం, నాలుగైతే పావు అనే చొప్పున మొదలుపెట్టాలి. పొడవుగా పెరిగి మిగతావాటిని కప్పే జొన్న, సజ్జ వాటా ఇంకా తగ్గించాలి. అడవి అంచున పిట్టల కోసం, కుందేళ్ల కోసం నాలుగైదు సెంట్లు వదిలేవారికీ ఇదే లెక్క. గింజను రెండు భాగాలు చేసి, ఒకటి నిలువునా మరొకటి అడ్డంగా చల్లితే చిన్న మడిలో ఖాళీలు పడవు.

ఏ మోతాదైనా మంచి మొలక ఉన్న గింజకు చెప్పిందే. ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం మినుముకు కనీసం 75 శాతం, వరికి 80 శాతం మొలక ఉండాలి. ఇంటి విత్తనం వాడేవారు వంద గింజలు తడిగుడ్డలో చుట్టి, ఎన్ని మొలిచాయో ముందు లెక్కపెట్టుకోవాలి. మినుములో అరవయ్యే మొలిస్తే, ఎకరాకు పదహారు కిలోల బదులు ఇరవై కిలోలు చల్లాలి.