ఆడలేక కాదు, మద్దెల నిజంగానే ఓడు



పోయిన ఆదివారం మీటింగులో శ్రీరామనవమి కార్యక్రమం మాట వచ్చింది. మన సభ్యుల ఇంటి పిల్ల ఒకతె ఎలక్ట్రిక్ గిటార్ మీద త్యాగరాజ కీర్తన వాయిస్తానని అడిగింది. "రామనవమి పందిట్లో కరెంటు వాయిద్యమా?" అని ఇద్దరు ముగ్గురు పెద్దలు అభ్యంతరం చెప్పారు. నేను ఆ రోజు నోరు తెరవలేదు. ఎందుకు తెరవలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగు. నేను చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు మా అమ్మ దగ్గర నేర్చుకున్నవే. తప్పులుంటే మన్నించండి.

1980లో మా తమ్ముడు మూర్ మార్కెట్‌లో ఒక సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాడు. ఈ కాలం పిల్లలకు మూర్ మార్కెట్ తెలియదు. సెంట్రల్ స్టేషన్‌ను ఆనుకుని ఉండిన పెద్ద ఎర్ర కట్టడం. 1985 మే నెలలో కాలిపోయింది. ఇప్పుడు సబర్బన్ రైళ్ళు బయలుదేరేది ఆ చోటి నుంచే. మన చూలై నుంచి నడిచి పోయేవాళ్ళం. పాత పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డులు, విరిగిన రేడియోలు, ఏది కావాలన్నా అక్కడే. ఆ రోజుల్లో పెరంబూరు, వేపేరి వైపు రైల్వే ఉద్యోగం చేసే ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో గిటార్ మామూలు వస్తువు. ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సు ఉందంటే గిటార్ ఉండాల్సిందే. వాళ్ళలో చాలామంది ఆస్ట్రేలియాకు, ఇంగ్లాండుకు వెళ్ళిపోయారు. అట్లా వెళ్ళిన ఒక ఇంటి సామానులో వచ్చిందని అమ్మినవాడు చెప్పాడు.

గిటార్‌కు కరెంటు ఎందుకు వచ్చిందో ముందు చెబుతాను. అమెరికాలో డాన్సు బ్యాండ్లలో బాకాలు, డ్రమ్ముల మధ్య గిటార్ ఎవరికీ వినిపించేది కాదు. 1931లో లాస్ ఏంజెలిస్‌లో జార్జ్ బోషాంప్ అనే గిటార్ వాద్యకారుడు, అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్‌తో కలిసి ఒక ఉపాయం పట్టాడు. తీగెల కింద సన్న రాగి తీగ చుట్ట, దానికి గుర్రపు నాడా ఆకారం అయస్కాంతాలు రెండు. దాన్నే పికప్ అంటారు. ఆ గిటార్ అల్యూమినియంతో పోతపోసినది, చూడడానికి పెనం లాగా ఉందని దానికి ఫ్రయింగ్ ప్యాన్ అని పేరు పడింది. ఒళ్ళో పడుకోబెట్టి, ఉక్కు కడ్డీ తీగె మీద జార్చి వాయించే హవాయి రకం. మన గోటువాద్యం వాయించే పద్ధతికి దగ్గరది. అంటే లోకంలో మొదట బాగా నడిచిన ఎలక్ట్రిక్ గిటార్ పలికింది జారు స్వరాలే. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు నవ్వు వచ్చింది.

పికప్ పని చేసే తీరు రైల్వేవాళ్ళకు సులభంగా అర్థమవుతుంది. కంట్రోల్ ఫోన్ రిసీవర్ విప్పి చూసినవాళ్ళు మనలో ఉన్నారు. లోపల అయస్కాంతం, కాయిల్, ముందు పల్చటి ఇనుప రేకు. కాయిల్‌లో కరెంటు మారితే రేకు ఊగి మాట వినిపిస్తుంది. గిటార్‌లో ఇది తిరగబడుతుంది. రేకు బదులు ఉక్కు తీగె ఊగుతుంది, ఆ ఊగుడుకు కాయిల్‌లో కరెంటు పుడుతుంది. అయస్కాంతానికి ఇనుము జాతి మాటే వినిపిస్తుంది. ఇత్తడి తీగెలు కట్టిన వీణకు ఈ పికప్ పెడితే ఆ తీగెలు మూగబోతాయి. అందుకే వీణకు చెక్క అదురును పట్టే కాంటాక్ట్ మైకు కడతారు, లేదంటే తీగెలే మారుస్తారు.

ఇందులో రెండు సంగతులు స్వరాన్ని మారుస్తాయి. ఒకటి కాయిల్. చుట్లు ఎక్కువైతే శబ్దం పెరుగుతుంది, కానీ పైస్థాయి మెరుపు తగ్గుతుంది. ఇంకొకటి అయస్కాంతం. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ ఇనుములో కలిపి చేసేది ఆల్నికో. అందులో 2వ రకం మెత్తగా పలుకుతుంది, 5వ రకం బలంగా, స్పష్టంగా పలుకుతుంది. లౌడ్ స్పీకర్లలో ఉండే నల్లటి ఫెర్రైట్ అయస్కాంతం చౌక, దాని స్వరం గట్టిగా, పదునుగా ఉంటుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అనే ఇంజనీరు రెండు కాయిళ్ళు ఒకదానికొకటి ఎదురుగా పెట్టి, మెయిన్స్ కరెంటు నుంచి వచ్చే 'హమ్' రొదను చంపేశాడు. దాని పేరే హంబకర్. 1972లో న్యూయార్క్‌లో లారీ డిమార్జియో ఫెర్రైట్ అయస్కాంతం పెట్టిన పికప్‌ను విడిగా అమ్మడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత గిటార్ మార్చకుండా గొంతు మాత్రం మార్చుకోవడం లోకమంతా మామూలైంది.

మా తమ్ముడికి ఈ పేర్లేవీ తెలియవు. వాడి గిటార్‌కు ఒక్క కాయిల్ పికప్. ట్యూబ్‌లైటు వేస్తే చాలు, తుమ్మెద లాగా రొద. పైగా శబ్దం తక్కువ. రిచీ వీధిలో రేడియో మెకానిక్ దగ్గర కాయిల్ మళ్ళీ చుట్టించాడు. ఆ మెకానిక్ సలహా మీదే పికప్ అడుగున ఫెర్రైట్ ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించి, పికప్‌ను తీగెలకు తగిలేంత దగ్గరగా ఎత్తాడు. శబ్దం పెరిగింది. వీధి చివరకు వినిపించింది. కానీ వేరే గోల మొదలైంది. కింది మెట్ల మీద స్వరం బాగుంటుంది, పైకి పోతే శ్రుతి తప్పుతుంది. గమకం పట్టి తీగెను లాగితే స్వరం సగంలో చచ్చిపోతుంది.

1982 శ్రీరామనవమికి వాడు భజనలో వాయిస్తానన్నాడు. ముందు రోజు మా ఇంటి వరండాలో పెద్దలకు వినిపించాడు. ఒకాయన "పిల్లి ఏడ్చినట్టుంది" అన్నాడు. మా నాయన తల వంచుకున్నాడు. "అన్నా, ఇది నా వేళ్ళ తప్పు కాదు, లోపల ఇంకేదో ఉంది" అని తమ్ముడు నా వైపు చూశాడు. అప్పుడే రైల్వేలో చేరి, నాలుగు మాటలు పెద్దగా మాట్లాడే వయసు నాది. "ఆడలేక మద్దెల ఓడు అన్నాడట నీ లాంటోడు" అన్నాను. అందరూ నవ్వారు. వాడు గిటార్‌ను దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టాడు. మళ్ళీ దించలేదు.

అప్పటికే మద్రాసులో ఇంకొక తెలుగు పిల్లవాడు ఏం చేస్తున్నాడో మాకు తెలియదు. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ రాదు. ఆయన పాడతారు, పిల్లవాడు అదే మాండొలిన్ మీద పలికిస్తాడు. 1978లో గుడివాడలో మొదటి కచేరి. 1981 డిసెంబరు సీజన్‌లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో మద్రాసు కచేరి, అప్పటికి 12 ఏళ్ళు. మాండొలిన్ అంటే నాలుగు జతల తీగెలు, స్వరం టక్కున ఆగిపోతుంది, జంట తీగెలను కలిపి లాగితే రెండూ ఒక శ్రుతిలో నిలవవు. శ్రీనివాస్ ఒంటి తీగెలున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నాడు, ఐదో తీగె చేర్చాడు. పికప్ వల్ల స్వరం నిలబడింది, నిలబడిన స్వరం మీద గమకం కూర్చుంది. కర్ణాటక సంగీతానికి ఈ పరాయి వాయిద్యం పనికిరాదన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న ఇదే చెన్నైలో, 45 ఏళ్ళకే పోయాడు. ఒక మార్గళిలో నేను ఆయన కచేరి వెనక వరసలో కూర్చుని విన్నాను. ఇంటికి వచ్చి తమ్ముడికి చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

తమ్ముడు పోయి మూడేళ్ళయింది. ఈ పిల్ల వాయిస్తానని అడిగింది వాడి గిటార్ మీదే. మా మరదలు అటక దులిపితే బయటపడింది. నేనే దాన్ని ఒక రిపేరు కొట్టుకు తీసుకుపోయాను. కొట్టు కుర్రాడు పికప్ విప్పి, అడుగున ఉన్న ముక్కలు చూసి, "ఎవరు సార్ ఇన్ని మ్యాగ్నెట్లు పెట్టింది? ఇవి తీగెను ఊగనివ్వవు, పట్టి లాగేస్తాయి" అన్నాడు. అయస్కాంతం బలం మితిమీరి, తీగెకు మరీ దగ్గరైతే దాని ఊగుడును అదే ఆపుతుంది. స్వరం తొందరగా చస్తుంది, పై మెట్ల దగ్గర తీగె పికప్‌కు ఇంకా దగ్గరవుతుంది కాబట్టి అక్కడ శ్రుతి చెడుతుంది. ఆ ముక్కలన్నీ తీసేసి, మెత్తటి ఆల్నికో పట్టీ ఒకటి పెట్టి, పికప్‌ను రెండు మిల్లీమీటర్లు కిందికి దించాడు. గంట పని.

ఆ పిల్ల అక్కడే కూర్చుని పంతువరాళి నాలుగు స్వరాలు పట్టింది. స్వరం నిలిచింది. నేను కొట్టు బయటకు వచ్చి నిలబడ్డాను.

నలభై ఏళ్ళ కింద మా తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. వేళ్ళ తప్పు కాదు, వాయిద్యం తప్పూ కాదు. రెండు మూడు అయస్కాంతం ముక్కల తప్పు. దాన్ని మనం సంప్రదాయం మాటగా చేసి తీర్పు చెప్పాం. ఆ తీర్పులో నా నవ్వు కూడా ఉంది. మీటింగులో నేను నోరు తెరవకపోవడానికి కారణం ఇదే.

పెద్దలకు నా మనవి ఒకటే. మన రామనవమి పందిట్లో మైకు ఉంది, యాంప్లిఫయర్ ఉంది, హార్మోనియం కూడా పడమటి నుంచి వచ్చిందే. ఆ పిల్లకు పది నిమిషాలు ఇవ్వండి. ముందు వినండి. బాగాలేకపోతే బాగాలేదని చెప్పండి, దానికి ఎవరూ అడ్డు రారు. వినకముందే వద్దనకండి. గిటార్, యాంప్లిఫయర్ నేనే మోసుకొస్తాను. హాలు ట్యూబ్‌లైట్లు మాత్రం ఆ పది నిమిషాలు ఆర్పేయాలి. ఒంటి కాయిల్ కదా, రొద ఇంకా పోలేదు.