వీడియో కూర్పు ఇంటికి వచ్చిన కథ

సినిమా ఫిల్మును వెలుతురునకు ఎదురుగా పట్టి చూచినచో ఒక్కొక్క బొమ్మ విడివిడిగా కనిపించును. ఎడిటరు దానిని తనకు వలసిన చోట కత్తిరించి మరియొక ముక్కకు అతికించును. వీడియో టేపునకు ఈ సౌకర్యము లేదు. దానిపై బొమ్మ అయస్కాంతపు గుర్తుల రూపమున ఉండును. కంటికి ఏమియు కనిపించదు. కనిపించని బొమ్మను కత్తిరించుట ఎట్లు? ఈ చిక్కు వీడి, వీడియో కూర్పు సామాన్యుని బల్లమీదికి చేరుటకు నలుబది సంవత్సరములకు పైగా పట్టెను.

1956 ఏప్రిల్‌లో అమెరికాలోని ఆంపెక్స్ సంస్థ టెలివిజన్ బొమ్మలను టేపుపై ఎక్కించు యంత్రమును ప్రదర్శించెను. దానిని తయారుచేసిన బృందమునకు నాయకుడు ఛార్లెస్ గిన్స్‌బర్గ్. టేపు వెడల్పు 2 అంగుళములు. యంత్రము వెల సుమారు 50,000 డాలర్లు. ఆనాటి పనివారు టేపుపై సన్నని ఇనుపపొడి కలిపిన ద్రవమును పూసి, పొడి పేరుకొన్న గీతలను సూక్ష్మదర్శినితో చూచి, బ్లేడుతో కోసి అతికించెడివారు. కోత వెంట్రుకవాసి తప్పినను తెరపై బొమ్మ చెదరిపోవును.

1971లో సి.ఎమ్.ఎక్స్. 600 అను యంత్రము వచ్చెను. ఇందులో బొమ్మలు టేపుమీద గాక డిస్కులమీద ఉండును. టేపును ముందుకు వెనుకకు త్రిప్పు పని లేకుండ, ఏ దృశ్యమునైనను కంప్యూటరు వెంటనే తెచ్చి చూపును. అయితే బొమ్మ నలుపు తెలుపులలోనే కనిపించును. డిస్కులన్నియు కలిసి అరగంట దృశ్యములకు మాత్రమే చాలును. వెల 2,50,000 డాలర్లు. పెద్ద టెలివిజన్ సంస్థలు తప్ప మరెవ్వరును దానిని కొనజాలరు.

బొమ్మను అంకెలుగా మార్చినచో ఇంటి కంప్యూటరే ఈ పని చేయవచ్చును గదా అని పాఠకులు అడుగవచ్చును. ఆ లెక్కను మనమే వేసి చూతము. మన దేశము అనుసరించిన 625 గీతల టెలివిజన్ పద్ధతిలో బొమ్మ కనిపించు గీతలు 576. ఒక్కొక్క గీతకు 720 బిందువులు, బిందువునకు 2 బైట్లు, సెకనుకు 25 బొమ్మలు. వీటిని గుణించిన 2,07,36,000 వచ్చును. అనగా సెకనుకు దాదాపు 21 మెగాబైట్లు, గంటకు సుమారు 75 గిగాబైట్లు. 1990 ప్రాంతమున ఇంటి కంప్యూటరులోని డిస్కు సాధారణముగా కొన్ని పదుల మెగాబైట్లది. 40 మెగాబైట్ల డిస్కులో రెండు సెకనుల దృశ్యమైనను పట్టదు!

ఈ గోడను పగులగొట్టినది ఒక గణితపద్ధతి. బెంగుళూరులో జన్మించిన నాసిర్ అహ్మద్ అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. కొసైను ప్రమేయముల సాయముతో బొమ్మలను కుదించు పద్ధతిని పరిశోధించుటకు ఆయన 1972లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను ధనసహాయము కోరెను. ఆ కోరిక తిరస్కరింపబడెను. ఆలోచన మరీ సులభముగా ఉన్నదని ఒక సమీక్షకుడు అభిప్రాయపడెను. అహ్మద్ నిరుత్సాహపడక 1973 వేసవిని ఆ పనికే వినియోగించెను. 1974లో టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావులతో కలిసి ఆ పద్ధతిని ప్రకటించెను. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివిన రామమోహనరావు అప్పుడు ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడు.

పద్ధతి యిది. బొమ్మను 8 వరుసలు, 8 నిలువులు గల చిన్న గడులుగా విభజింతురు. గడిలోని 64 బిందువుల వెలుగును, మెల్లగా మారునవి, త్వరగా మారునవి అగు 64 కొసైను అలల మొత్తముగా వ్రాయుదురు. నిర్మలమైన ఆకాశపు గడికి మొదటి ఒకటి రెండు అంకెలే చాలును. మిగిలినవి దాదాపు సున్నలు. తలవెంట్రుకల వంటి చోట మరికొన్ని అంకెలు కావలెను. త్వరగా మారు అలలలోని చిన్న తేడాలను కన్ను అంతగా గుర్తింపదు. కావున వాటిని స్థూలముగా వ్రాసినను, విడిచినను పెద్ద నష్టము లేదు.

1995లో డీవీ కెమేరాలు మార్కెట్టునకు వచ్చెను. ఇవి కొసైను పద్ధతితో కుదించిన అంకెలనే టేపుపై వ్రాయును. ధ్వనితో సహా సెకనుకు 3.6 మెగాబైట్లు, గంటకు 13 గిగాబైట్లు. పూర్వపు లెక్కలో సుమారు ఆరవ వంతు. ఈ ప్రవాహమును మామూలు హార్డు డిస్కు అందుకొనగలిగెను. 1999 అక్టోబరులో ఆపిల్ సంస్థ ఐమాక్ డీవీ అను కంప్యూటరును కూర్పు ప్రోగ్రాముతో సహా 1,299 డాలర్లకు అమ్మకమునకు పెట్టెను. 1971 నాటి వెలతో పోల్చినచో ఇది దాదాపు రెండువందలవ వంతు.

ఇప్పుడు తక్కువ ఖర్చుతో కూర్పునకు కంప్యూటరు అమర్చుకొనగోరు వారికి ఈ చరిత్ర ఉపయోగపడును. నేటి ఫోన్లలో విరివిగా వాడబడు ఎచ్.264 ప్రమాణము 2003లో వెలువడెను. ఇది చాల బొమ్మలకు ప్రక్క బొమ్మతో గల భేదమును మాత్రమే దాచును. అందుచే ఫైలు చిన్నదగును. కాని నడుమనున్న ఒక్క బొమ్మను చూపుటకు కంప్యూటరు పలు బొమ్మలను విప్పవలసి వచ్చును. పూర్వము డిస్కుపై పడిన భారము ఇప్పుడు ప్రాసెసరుపై పడినది.

కనుక డబ్బును వీడియో విప్పు భాగము గల ప్రాసెసరుపై ముందు వెచ్చింపవలెను. ఇంటెల్ సంస్థ 2011 నుండి అనేక ప్రాసెసర్లలో దీనిని అమర్చుచున్నది. పేరు చివర ‘ఎఫ్’ అక్షరము గలవాటిలో ఇది పనిచేయదు. ఈ భాగమున్నచో సామాన్యమైన కూర్పునకు వేరుగా గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. ర్యామ్ 16 గిగాబైట్లు, చేయుచున్న పనికి చిన్న ఎస్.ఎస్.డి., దాచుకొనుటకు హార్డు డిస్కు చాలును. పాత కంప్యూటరే ఉన్నచో, కేడెన్‌లైవ్ వంటి ఉచిత ప్రోగ్రాములో ప్రతి దృశ్యమునకు చిన్న నకలు చేయించి, నకలుపై కూర్పు సాగించి, చివర అసలు ఫైలుతో పూర్తిచేయవచ్చును. పాఠశాల ప్రయోగములను చిత్రించి కూర్చుకొను ఉపాధ్యాయునికి ఇంతకంటె గొప్ప యంత్రము అవసరము లేదు.

కొసైను త్రిభుజములకు తప్ప మరెందుకు పనికివచ్చునని తరగతిలో ఎవరైనను అడిగినచో, ఆ విద్యార్థి ఫోనులోని వీడియోనే జవాబుగా చూపవచ్చును.