కంచంలో పంగలకర్ర

ఆదివారం కోడికూర తింటుంటే పంటికి పంగలకర్ర లాంటి ఎముక తగిలింది. రెండు కాలర్ బోన్లు అతుక్కుంటే ఏర్పడే ఎముక అది. దీని మీదే పెద్ద పేచీ నడిచింది. డైనోసార్లకు కాలర్ బోన్లు లేవు, కాబట్టి అవి పక్షుల పూర్వీకులు కావని 1926లో డెన్మార్క్ చిత్రకారుడు హైల్మన్ పుస్తకం తేల్చేసింది. దశాబ్దాల పాటు అదే చెల్లింది. తమాషా ఏమిటంటే, 1924లోనే వర్ణించిన ఓవిరాప్టర్ అనే డైనోసార్‌లో ఆ ఎముక ఉంది, పోల్చుకోలేదంతే! 1969లో డైనోనికస్ అనే డైనోసార్‌ను వర్ణించిన శాస్త్రవేత్త ఆస్ట్రమ్, పక్షులు డైనోసార్ల నుంచే వచ్చాయన్న పాత వాదాన్ని మళ్లీ లేపాడు. 1996లో చైనాలో నూగు ఈకల డైనోసార్ సైనోసారోప్టెరిక్స్ వెలుగులోకి వచ్చింది. ఈకలు కావు, కుళ్లిన చర్మపు పోగులన్నారు కొందరు. 2010లో ఆ నూగులో, ఈకల్లో ఉండేలాంటి రంగు రేణువులు కనబడ్డాయి. తోక మీద ఎర్రమట్టి రంగు పట్టీలట. అయినా వాళ్లు ససేమిరా! పోనీ, పక్షులు దేన్నుంచి వచ్చాయయ్యా అంటే, నిలబడే శిలాజం ఒక్కటీ చూపరు.