బెంగపడని చిట్టెలుకలు

స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్. ప్రయోగశాల బోనుల్లో చిట్టెలుకలు. ఉన్నట్టుండి లైట్లు భగ్గుమని వెలిగి ఆరిపోతాయి. కాసేపటికి చెవులు చిల్లులు పడే చప్పుడు. ఇంకో రోజు రాత్రి కాస్తా పగలైపోతుంది. ఎప్పుడేది ముంచుకొస్తుందో వాటికి తెలియదు. అసలు బాధ అదే. ఇలా ఐదు వారాలు.

బోనుల్లో ఉన్నవి రెండు రకాలు. కొన్ని మామూలువి. మిగతావాటి కండరాల్లో పీజీసీ-1ఆల్ఫా1 అనే ప్రొటీన్ ఎక్కువగా తయారయ్యేలా జన్యువు మార్చారు. వ్యాయామం చేస్తే కండరంలో పెరిగే ప్రొటీనే అది. చక్రమెక్కి అడుగు పరుగెత్తకుండానే వీటికి కసరత్తు కండలొచ్చాయి. అదృష్టమంటే వీటిదే!

ఐదు వారాలయ్యేసరికి మామూలు ఎలుకలు డీలాపడ్డాయి. ఎలుకకు డిప్రెషన్ అని ఎవరు చెప్పారంటారా? ఇలాంటి పరిశోధనల్లో పంచదార నీళ్లు, మంచినీళ్లు పక్కపక్కన పెట్టి చూడటం వాడుక. తీపి మీదికి కూడా మనసు పోకపోతే తేడా ఉన్నట్టే లెక్క. మనిషి కుంగుబాటూ ఇదీ ఒకటేనని మాత్రం నేననను.

జన్యువు మార్చినవి చెక్కుచెదరలేదు.

ఎందుకని? కసరత్తు చేసిన కండరం మెదడుకు మేలుచేసే పదార్థమేదో పంపుతుందని జోర్జ్ రువాస్, మియా లిండ్‌స్కోగ్‌ల బృందం మొదట్లో అనుకుంది. తీరా చూస్తే కథ తలకిందులైంది. కండరం పంపేదేమీ లేదు. రక్తంలోంచి చెడును ఏరిపారేస్తోంది, కాలేయమో మూత్రపిండమో చేసినట్టు.

ఆ చెడు పేరు కైన్యురెనిన్. తిండిలోని ట్రిప్టోఫాన్‌తో సెరటోనిన్ తయారవుతుందని వినే ఉంటారు. దానికి పోయేది పిసరంతే. చాలా భాగం కైన్యురెనిన్‌గా మారుతుంది. ఒత్తిడిలో అది పెరుగుతుంది, రక్తంలోంచి మెదడులోకి చొరబడుతుంది. కసరత్తు చేసిన కండరంలో కేఏటీ అనే ఎంజైములు ఎక్కువ. అవి దాన్ని కైన్యురెనిక్ ఆమ్లంగా మార్చేస్తాయి. ఈ ఆమ్లం రక్తంలో ఎంతున్నా మెదడు గడప దాటలేదు.

అయినా అనుమానం తీరాలిగా! ఈసారి లైట్లూ చప్పుళ్లూ లేవు. కైన్యురెనిన్‌నే నేరుగా ఎలుకలకిచ్చారు. ఏ ఒత్తిడీ లేకుండానే మామూలువి కుంగిపోయాయి. రెండోవాటికి ఏమీ కాలేదు. అంతేకాదు, వాటి రక్తంలో కైన్యురెనిన్ పెరగనే లేదు. వచ్చింది వచ్చినట్టే కండరం మార్చేసింది.

2014 సెప్టెంబరులో 'సెల్' పత్రిక దీన్ని ప్రచురించింది. వ్యాయామం చేయించిన మనుషుల కండరాల్లోనూ ఈ ప్రొటీన్, ఈ ఎంజైములు పెరిగాయని అందులోనే ఉంది. అలాగని డాక్టరు రాసిచ్చిన మాత్రలు మానేసి జిమ్‌కి పరుగెత్తమని కాదు. ఎలుకల్లో తేలిందంతా మనిషికి వర్తించాలని లేదు. పరిశోధకుల ఆశ వేరే. డిప్రెషన్ మందు మెదడులోకి చొరబడటమే పెద్ద తంటా. గురి కండరం మీద పెడితే, ఆ మందుకి మెదడు దాకా వెళ్లే పనే ఉండదు.